సభ్యశబ్ద విచారము





ఆలయంలో కల్యాణమో హోమమో ముగిసిన పిమ్మట ఋత్విక్కులందరం కలిసి మహదాశీర్వచనం చెప్పుతాము. అందులో సభాస్తుతి ఒకటి ఉన్నది. సదస్సునకు, సదస్పతికి నమస్కరించుటతో మొదలై, సభను రక్షించుమని, అందలి సభ్యులను, సభాసదులను ఇంద్రియవంతులుగా చేయుమని, వారికి పూర్ణాయుర్దాయం కలుగవలెనని ఆ మంత్రభాగం కోరుతుంది. నేను ముప్పది ఏండ్లకు పైగా దానిని పఠిస్తున్నాను. గత మాఘమాసంలో ఒక గృహస్థు కుటుంబంతో వచ్చి హోమం చేయించుకొన్నాడు. తమ అపార్ట్‌మెంటు సంఘానికి ఆయన ఈ మధ్యనే ఎన్నికైనాడట. అక్షతలు వేయించుకొని, నవ్వుతూ, "స్వామీ, మీరు చదివినదాంట్లో 'సభ్యులు' అని వినిపించింది. అంటే మాలాంటి మెంబర్లేనా? అప్పట్లో కూడా సభ్యత్వాలు ఉండేవా?" అని అడిగినాడు.

వెనుక తీర్థానికి జనం నిలిచి ఉన్నారు. "అటువంటిదే నాయనా" అని పంపివేసినాను. అది సరియైన సమాధానం కాదు. ఆనాడు చెప్పవలసి ఉండి చెప్పనిది ఇక్కడ వ్రాస్తున్నాను.

సభ్యశబ్దాన్ని పాణిని మహర్షి అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయం నాలుగవ పాదంలో సాధించినాడు. అక్కడి ప్రకరణార్థం 'దానియందు సాధువు' అని. కర్మయందు సాధువు కర్మణ్యుడు, శరణమందు సాధువు శరణ్యుడు. ఆ విధంగానే సభయందు సాధువు సభ్యుడు. ఇక్కడ సాధువు అనగా మెత్తని స్వభావం గలవాడని భావించరాదు. కాశికావృత్తి ఈ సందర్భంలో సాధుశబ్దానికి ప్రవీణుడని, యోగ్యుడని అర్థం చెప్పి, ఉపకారం చేయువాడు అనే అర్థాన్ని పనిగట్టుకొని తొలగించినది. విద్యార్థిదశలో ఈ తొలగింపును మేము వల్లెవేసి ముందుకు సాగినాము, ఎందుకు తొలగించినారో అడగలేదు. ఇప్పుడు చూడగా దాని ప్రయోజనం తెలుస్తున్నది. సభకు మేలు చేసినవాడు, సభామండపం కట్టించినవాడు, అంతమాత్రాన సభ్యుడు కాడు. సభలో చేయవలసిన పనిని చేయుటకు తగినవాడే సభ్యుడు.

వేదభాషకు పాణిని ఇంకొక రూపం చెప్పినాడు, 'సభేయ' అని. రాష్ట్రక్షేమాన్ని కోరుతూ తైత్తిరీయులం నిత్యం పఠించే మంత్రంలో ఈ రూపం కనబడుతుంది. పాలిచ్చే ధేనువులు కలుగవలెనని, బరువు లాగే ఎడ్లు, వడిగల గుఱ్ఱాలు కలుగవలెనని కోరుతూ, సభేయుడైన యువకుడు కలుగవలెనని అందులో ప్రార్థన. ఆవు, ఎద్దు, గుఱ్ఱం ఏ పనికి పుట్టినవో ఆ పనితో వాటిని చెప్పినారు. యువకుని మాత్రం సభతో చెప్పినారు. సభలో నోరు విప్పగలవాడు దేశానికి పాడి వంటి సంపద అని దీని భావమని నాకు తోస్తుంది.

మరి ఆశీర్వచనంలో సభను రక్షించుమని ఎవరిని అడుగుతున్నాము? ఆ మంత్రం తైత్తిరీయ బ్రాహ్మణంలో అగ్న్యాధాన ప్రకరణంలోనిది. గార్హపత్య, ఆహవనీయ, దక్షిణాగ్నులు త్రేతాగ్నులని అందరికీ తెలిసినదే. వీటితో సభ్యాగ్ని, ఆవసథ్యాగ్ని చేరితే పంచాగ్నులు. ఒక్కొక్క అగ్నికి ఒక్కొక్క రక్షణభారాన్ని అప్పగించినారు. అన్నం, ప్రజ, పశువులు, సభ, మంత్రం, ఈ ఐదింటిలో సభను కాపాడవలసినది సభ్యాగ్ని. అనగా సభ్యుడు అనే పేరు మొదట అగ్నికి కూడా పేరే. సభలో కూర్చున్న మనుష్యుడు, సభలో వెలిగే అగ్ని, ఇద్దరూ ఒకే పేరు ధరించినారు. ఇంకొక విశేషం, చాలమందికి ఆశ్చర్యం కలిగించేది: ఆధానంలో సభయందు అక్షములతో ఆడే ద్యూతం కూడా ఒక అంగంగా కల్పసూత్రాలలో విధింపబడినది. పాచికలు పడే చోటు, తగవు తీరే చోటు ఒకటే. పాచిక ఏమి చెప్పినదో చూచి పలుకవలసినవారు చుట్టూ కూర్చున్న సభ్యులే. హస్తినాపుర సభను గురించి తలచునప్పుడు ఈ విషయం గుర్తుంచుకొనవలెను.

ధర్మశాస్త్రాలకు వచ్చేసరికి సభ్యుడు స్పష్టంగా నిర్ణేత. రాజు స్వయంగా వ్యవహారం చూడలేనప్పుడు విద్వాంసుని నియోగించవలెనని, అతడు ముగ్గురు సభ్యులతో కూడి విచారించవలెనని మనువు చెప్పినాడు. బృహస్పతి ఏడుగురు, ఐదుగురు లేక ముగ్గురు అన్నాడు. అన్నీ బేసి సంఖ్యలే. అట్టి సభ యజ్ఞంతో సమానమని కూడా అన్నాడు. సభాంగాలను లెక్కించి ఎవరి పని ఏదో ఆయనే విడదీసి చెప్పినాడు: అధ్యక్షుడు తీర్పును పలుకుతాడు, రాజు దండిస్తాడు, కార్యాన్ని పరీక్షించేవారు సభ్యులు. కిరీటం ఒకరిది, కంఠం ఒకరిది, పరీక్ష మాత్రం సభ్యులది.

యాజ్ఞవల్క్యుడు సభ్యుని లక్షణాలు చెప్పుతూ వేదాధ్యయనం, శ్రుతం, ధర్మజ్ఞానం, సత్యవాక్కు, వీటితో పాటు శత్రువునందు మిత్రునందు సమభావం ఉండవలెనన్నాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రచించినాడు. చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో (1076–1126), కల్యాణ నగరంలో, అనగా నేటి బీదరు జిల్లా బసవకల్యాణంలో. మన తెలుగునేలకు అది పొరుగే. ఈ వ్యాఖ్యలో సభ్యుని గురించిన భాగం చిన్నదే గాని, నా ఎరుకలో ఇంత సూక్ష్మంగా ఈ పదాన్ని విచారించిన చోటు మరొకటి లేదు.

విజ్ఞానేశ్వరుడు మొదట సభలో కూర్చున్నవారిని రెండుగా విభజించినాడు. రాజు సత్కరించి నియోగించిన సభాసదులు ఒకరు. నియోగం లేకుండా అక్కడ ఉన్న విద్వాంసులైన బ్రాహ్మణులు మరొకరు. నియుక్తులు కానివారు చెప్పవలసినది చెప్పకపోయినా, తప్పుగా చెప్పినా దోషం కలదు; కాని రాజును నివారించలేదన్న దోషం వారికి లేదు. నియుక్తులైన సభ్యులకు ఆ వెసులుబాటు కూడా లేదు. రాజు అన్యాయంగా నడుస్తుంటే అతనిని నివారించవలెను. ఊరకున్నచో అన్యాయంలో వారికీ భాగం ఉన్నది. ఈ మాటకు కాత్యాయనుని ప్రమాణంగా చూపినాడు. సభలో కొందరు వర్తకులను కూడా కూర్చుండబెట్టవలెనని, కులశీలాలు, వయస్సు, ధనం, మాత్సర్యరాహిత్యం గలవారు కావలెనని అదే సందర్భంలో అన్నాడు. లోకానికి నమ్మకం కలుగుటకు అది అవసరమని భావించినాడు. అర్చకులం, వేదపండితులం మాత్రమే అన్నీ తేల్చగలమని పెద్దలు ఎన్నడూ అనుకొనలేదు. దీనిని మావారు కొందరు మరచినారు.

ఇక దండం. రాగం చేతగాని, లోభం చేతగాని, భయం చేతగాని స్మృతివిరుద్ధంగా నిర్ణయించిన సభ్యులను ఒక్కొక్కరిని విడివిడిగా రెట్టింపు దండించవలెనని యాజ్ఞవల్క్యుని విధి. దేనికి రెట్టింపు? తగవులో ఉన్న సొమ్ముకా? కాదన్నాడు విజ్ఞానేశ్వరుడు. కొన్ని వివాదాలలో సొమ్మే ఉండదు కదా. అప్పుడు సభ్యునికి దండమే లేకుండా పోతుంది. కాబట్టి ఓడినవానికి పడే దండానికి రెట్టింపు అని అర్థం చెప్పినాడు. మూడు కారణాలనే పేర్కొనుట వలన అజ్ఞానం చేత, మోహం చేత పొరపడినవానికి ఈ రెట్టింపు దండం లేదని కూడా తేల్చినాడు. తెలియక తప్పు చెప్పినవాడు వేరు, తెలిసి నోరు మెదపనివాడు వేరు. ఐదుగురు కలిసి చేసిన అన్యాయాన్ని ఐదుగురికీ పంచి తేలిక చేయలేదు, ఐదుసార్లు దండించమన్నారు. 'అందరితో పాటు నేను' అనే మాటకు ఆ సభలో చోటు లేదు.

మనువు ఈ విషయాన్ని దండంతో గాక ఒక దృశ్యంతో చెప్పినాడు. అధర్మబాణం తగిలిన ధర్మం సభలోకి వస్తుంది. ఆ ములికిని సభాసదులు పెరికివేయకపోతే ఆ దెబ్బ వారికే తగులుతుంది. సభలోకి పోకపోవచ్చును; పోయినచో యుక్తమైనది పలుకవలెను; పలుకకపోయినా, విపరీతంగా పలికినా పాపమే అని కూడా ఆయన మాట. పోకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నది, పోయి మౌనంగా ఉండే స్వేచ్ఛ లేదు. నారదుడైతే నియుక్తుడైనా కాకున్నా శాస్త్రం తెలిసినవాడు చెప్పదగునన్నాడు.

ఈ శాస్త్రం సంస్కృతంలోనే ఉండిపోలేదు. పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన మితాక్షరను ఆధారం చేసుకొని 'విజ్ఞానేశ్వరీయము' అనే పద్యకావ్యాన్ని తెలుగులో రచించినాడు. తన దశకుమారచరిత్రను తిక్కన సోమయాజికి అంకితమిచ్చిన కేతన ఇతడే. తెలుగులో మొదటి ధర్మశాస్త్ర గ్రంథంగా దీనిని చెప్పుతారు. వ్యాకరణం వ్రాసిన చేతితోనే (ఆంధ్రభాషాభూషణము కూడా ఆయనదే) వ్యవహారధర్మాన్ని తెలుగు చేసినాడంటే, తగవులు తీర్చే పెద్దలకు సంస్కృతం రాకపోయినా శాస్త్రం తెలియవలెనన్న ఆశయం ఆ కాలంలో ఉండినదని ఊహించవచ్చును. ఈనాడు కేతనను సాహిత్య విద్యార్థులే చదువుతున్నారు, తగవు తీర్చేవారు కాదు.

సభలో ఈ రాజధర్మాలన్నీ విఫలమైన దినం ఒకటి మహాభారతంలో ఉన్నది. ద్రౌపదీదేవి సభకు వేసినది ప్రశ్న. అది ప్రార్థన కాదు. తనను తాను ఓడిన తరువాత ధర్మరాజుకు నన్ను ఒడ్డే అధికారం ఉన్నదా అని ఆమె అడిగినది. ఇది శుద్ధమైన వ్యవహారప్రశ్న. దానికి సభ్యులు ఉత్తరం చెప్పవలెను. భీష్ముడు మౌనంగా ఉన్నాడని సామాన్యంగా అంటారు. మూలం చూస్తే ఆయన మాట్లాడినాడు. ధర్మగతి సూక్ష్మమైనదని, నీ ప్రశ్నకు సమాధానం తేల్చి చెప్పలేకున్నానని అన్నాడు. పలికి కూడా చెప్పకుండుట అంటే ఇదే. చెప్పినవాడు వికర్ణుడు, ధృతరాష్ట్రుని కుమారులలో ఒకడు. పెద్దలు, రాజులు ఎవరూ నోరు విప్పకపోతే, మీరు చెప్పినా చెప్పకున్నా నాకు న్యాయమని తోచినది చెప్పుతానని లేచి, ఆమె జయింపబడలేదన్నాడు. కర్ణుడు అతనిని బాలుడని తూలనాడినాడు.

తరువాత విదురుడు ఒక పూర్వకథ చెప్పినాడు. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు ఒక కన్య కొరకు మాకు ఎవరు శ్రేష్ఠులని ప్రాణాలొడ్డి వాదించుకొని, నిర్ణయానికి ప్రహ్లాదుని వద్దకే వచ్చినారు. ఒకడు తన కొడుకు. ప్రహ్లాదుడు తటపటాయించి, తెలిసీ చెప్పనివానికి ఏమగునని కశ్యపుని అడిగినాడు. కశ్యపుడు చెప్పిన లెక్క ఇది: నిందింపదగినదానిని సభ నిందింపకపోతే ఆ పాపంలో సగం సభకు పెద్దయైనవానికి, పాదం చేసినవానికి, పాదం ఊరకున్న సభాసదులకు. మనుస్మృతిలో లెక్క వేరు: కర్తకు, సాక్షికి, సభాసదులందరికి, రాజుకు తలా ఒక పాదం. రెండింటిలోను సభాసదుల పాలు మాత్రం మారలేదు. భారతం లెక్కలో చేసినవానికంటె సభాధ్యక్షునికే ఎక్కువ భాగం పడినది. ప్రహ్లాదుడు ఇది విని, కొడుకు ప్రాణం పోతుందని తెలిసీ సుధన్వుడే శ్రేష్ఠుడని తీర్పు చెప్పినాడు. సుధన్వుడు మెచ్చి విరోచనునికి నూరేండ్ల ఆయుర్దాయం ఇచ్చినాడు.

విదురుడు ఈ కథ చెప్పి ముగించినాడు. వ్యాసభగవానుడు దాని తరువాత చెప్పిన విషయమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. విదురుని మాట విని కూడా ఆ రాజులు ఏమీ పలుకలేదు. ధర్మోపదేశం కొరత వలన ఆ సభ చెడలేదు.

విరాటపర్వానికి వస్తే ధర్మరాజు తాను విరాటుని వద్ద సభాస్తారుడనై కంకుడనే పేరుతో ఉంటానని తమ్ములతో అంటాడు. సభాస్తారుడు అంటే సభ్యుడే. అమరసింహుడు బ్రహ్మవర్గంలో సభాసదుడు, సభాస్తారుడు, సభ్యుడు, సామాజికుడు అనే నాలుగింటిని ఒకే వరుసలో పర్యాయపదాలుగా చెప్పినాడు. ఏ సభ్యుల మౌనం చేత రాజ్యం, భార్యామానం పోయినవో, వేషం మార్చుకొనవలసి వచ్చినప్పుడు ధర్మరాజు ఆ సభ్యుని స్థానాన్నే కోరుకొన్నాడు.

అమరకోశం ప్రస్తావన వచ్చినది కాబట్టి పదం ఎట్లు జారినదో కూడా చూద్దాము. అదే బ్రహ్మవర్గంలో కొంచెం ముందుగా సభ్యశబ్దం మరొక వరుసలో కనబడుతుంది. అక్కడ దాని తోడివి కులీనుడు, ఆర్యుడు, సజ్జనుడు, సాధువు. అనగా అమరుని నాటికే సభ్యునికి రెండు ముఖాలు ఏర్పడినవి. తీర్పు చెప్పేవాడు ఒకటి, మర్యాద తెలిసినవాడు ఇంకొకటి. సభలో కూర్చోదగినవాడు నడవడి గలవాడై ఉండవలెను కదా, ఆ త్రోవన రెండవ అర్థం వచ్చినది. ఆలంకారికుడు వామనుడు అశ్లీలదోషాన్ని నిర్వచించుటకు 'అసభ్య' శబ్దాన్నే వాడినాడు. సభలో పలుకరానిది అసభ్యం. నేడు అసభ్యం అంటే ఆ ఒక్క అర్థమే మిగిలినది. సామాజికుడు నాట్యశాస్త్రంలో రసాస్వాదన చేసే ప్రేక్షకుడైనాడు. ఇక సభికుని కథ మరీ చిత్రం. వేదికలెక్కినవారు ప్రతిదినం "సభికులకు నమస్కారం" అంటారు. ప్రాచీనార్థంలో సభికుడు అంటే జూదగృహం నడిపేవాడు. మృచ్ఛకటికంలో పారిపోయిన జూదరిని పట్టుకొని హింసించే మాథురుడు సభికుడే. పందెంలో నూరు గాని అంతకు మించి గాని గెలిచే జూదరి నుండి నూటికి ఐదు, ఇతరుల నుండి నూటికి పది సభికుడు తీసుకొనవచ్చునని యాజ్ఞవల్క్యుడు అతని కమీషను కూడా నిర్ణయించినాడు. ఈ విషయం ఒక సాహిత్యసభలో చెప్పగా సభికులు నవ్వినారు, అధ్యక్షులవారు నవ్వలేదు.

పదం జారుటకు చరిత్రలో ఇంకొక మెట్టు ఉన్నది. తమిళదేశంలో ఉత్తరమేరూరు శాసనాలు (919, 921, చోళ పరాంతకుని కాలం) గ్రామసభ ఉపసంఘాలకు ఎవరు తగుదురో వ్రాసిపెట్టినవి. రెండవ శాసనం ప్రకారం ముప్పది ఐదేండ్లు దాటి డెబ్బది నిండనివారు, స్వంత భూమి, స్వంత స్థలంలో ఇల్లు, మంత్రబ్రాహ్మణ జ్ఞానం గలవారు కావలెను. లెక్కలు అప్పజెప్పనివాడు, అతని దగ్గరి చుట్టాలు కూడా పనికిరారు. అప్పటికి సభ అంటే జవాబుదారీ ఇంకా ఉన్నది. కంపెనీ పాలనలో 1772 నుండి కోర్టులలో హిందూధర్మం చెప్పుటకు పండితులను నియమించినారు. వారు వ్యవస్థాపత్రం వ్రాసి ఇచ్చేవారు, తీర్పు మాత్రం దొరది. శాస్త్రం చెప్పేవాడు ఒకడు, దాని ఫలానికి బాధ్యుడు మరొకడు అయినారు. 1864లో ఆ పండితపదవులు కూడా రద్దయినవి. సభ్యశబ్దానికి నిర్ణేత అనే అర్థం నిలుచుటకు నేల లేకపోయినది. ఆ తరువాత అది గ్రంథాలయానికి, క్రీడాసంఘానికి, శాసనసభకు, చందా కట్టిన ప్రతివానికి పేరైనది.

మన తెలుగుమాట 'పెద్దమనిషి' కూడా సరిగ్గా ఇదే త్రోవన నడిచినది. ఊళ్ళో పెద్దమనుషులు అంటే తగవు తీర్చేవారు. పెద్దమనిషి తరహా అంటే ఎవరినీ నొప్పింపని నడవడి. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో చేసుకొన్న ఒడంబడికకు 'పెద్దమనుషుల ఒప్పందం' అని తెలుగులో పేరు స్థిరపడినది. మర్యాదస్థుల మాట అని దాని మూలభావం. తెలుగువాని చెవికి అందులో నిర్ణయించినవారు అనే అర్థం కూడా వినబడుతుంది. ఆ మాట నిలిచినదా లేదా అన్న వివాదం 1969లో వీధులకెక్కినది. మర్యాద అనే అర్థంలో పెద్దమనిషికి జవాబుదారీ లేదు, నిర్ణేత అనే అర్థంలో ఉన్నది. రెండర్థాలు ఒకే మాటలో ఉండుట వలన మనకు ఒక సౌకర్యం కలిగినది. నోరు మెదపకపోవుట సభ్యత అయినది.

ఇది ఇతరులను గురించి వ్రాస్తున్నది కాదు. పన్నెండేండ్ల క్రితం మా ఊరిలో ఒక భాగపరిష్కారానికి నన్ను కూర్చుండబెట్టినారు. ఐదుగురం. అన్న ఒక పక్క, తమ్ముడు పోయిన తరువాత అతని భార్య మరొక పక్క. తగవు ఎకరం ముప్పది సెంట్ల మాగాణి మీద. అది అన్న పేరున ఉన్నది, తన స్వార్జితమని అతని వాదం. వారి తండ్రి నాకు బాగా తెలుసు. ఆ భూమి కొన్న ఏడు అమ్మవారికి కొత్త పసుపు తెచ్చినప్పుడు, "ఇద్దరి కష్టం స్వామీ, పెద్దవాడి పేరున రాయించాను" అని సన్నిధిలో నాతో అన్నాడు. అప్పటికి ఆయన కూడా గతించినాడు.

అన్న ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేయిస్తానని ఆ సంవత్సరమే మొక్కుకొన్నాడు. సగం పని అయినది. బ్రహ్మోత్సవాలు నలభై దినాలలో ఉన్నవి.

నలుగురు పెద్దలు తమ తమ మాటలు చెప్పినారు. కాగితం అన్న పేరున ఉన్నది కాబట్టి వదినె మరదలికి మానవత్వంగా పాతిక సెంట్లు ఇప్పించుదామన్నారు. ఆమె అందరినీ వదలి నా వైపు తిరిగి, "స్వామీ, మామయ్యగారు మీతో ఎప్పుడూ ఏమీ అనలేదా?" అని అడిగినది.

నేను, "అమ్మా, ధర్మం చాలా సూక్ష్మమైనది. పెద్దలు ఆలోచించే చెబుతున్నారు" అన్నాను.

ఆ మాట ఎవరిదో నాకు అప్పుడు స్ఫురించలేదు. ఆ కార్తికంలో భారతపురాణం చెప్పుతూ సభాపర్వం దగ్గరకు వచ్చినప్పుడు స్ఫురించి, ఆ దినం పురాణం మధ్యలో ఆపివేసినాను. గొంతు బాగాలేదని శ్రోతలకు చెప్పినాను. అదీ అబద్ధమే.

రాగమా, లోభమా, భయమా అని విజ్ఞానేశ్వరుడు అడుగుతాడు. నా కొరకు నేను ఏమీ ఆశించలేదు, తొడుగు స్వామిది. ఈ సమాధానం చాలకాలం నాకు ఊరటనిచ్చినది. లోభం స్వామి పేరున చేసినా లోభమే కదా. భయం కూడా ఉన్నది, ఉత్సవం ఆగిపోతుందని. మోహం అనుకొందామంటే, తండ్రి మాట నాకు అక్షరం అక్షరం గుర్తున్నది. ఆ మినహాయింపు నాకు వర్తించదు.

మరుసటి ఏడు నేను అన్న ఇంటికి పోయి, నీ తండ్రి ఇట్లా అన్నాడని చెప్పినాను. అతడు మర్యాదగా కాఫీ ఇప్పించినాడు. "అప్పుడు చెప్పవలసింది కదండీ స్వామీ, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది" అన్నాడు. అతనిది తప్పుమాట కాదు. ఆమెకు కూడా కబురు చేసి చెప్పినాను. పాతిక సెంట్లూ అమ్ముకొని కొడుకు చదువుకని పట్నం పోయినది. అక్కడ వంటపని చేస్తున్నది. నేను చెప్పినది విని, "నాకు తెలుసు స్వామీ, మీకు తెలుసని" అన్నది. అంతకు మించి మాట్లాడలేదు.

ఇంద్రియవంతులుగా చేయుమని ఆశీర్వచనంలో సభ్యుల కొరకు ఎందుకు కోరుతారో నేను చాలకాలం ఆలోచించలేదు. ధనవంతులుగా అనలేదు, యశోవంతులుగా అనలేదు. చెవి వినవలెను, కన్ను చూడవలెను, వాక్కు పలుకవలెను. నా చెవి విన్నది, గుర్తు కూడా పెట్టుకొన్నది. వాక్కు దగ్గర ఆగిపోయినది. అపార్ట్‌మెంటు గృహస్థు మళ్ళీ వస్తే ఈ మంత్రార్థం అతనికి కూర్చుండబెట్టి చెప్పవలెనని ఉన్నది. వారి సంఘంలో కూడా ఎవరి వంతు నీళ్ళు ఎవరికి పోతున్నవో, ఎవరి పని ఎవరికి చుట్టుతున్నారో తెలిసినవారు ఒకరిద్దరు ఉండకపోరు.

ఆనాటి పరిష్కారపత్రం నకలు నా వద్ద ఉన్నది. ఎడమవైపు అడుగున 'పెద్దమనుషులు' అని వ్రాసి దాని క్రింద ఐదు సంతకాలు. మూడవది నాది. ఆ తరువాత రెండుసార్లు తగవులకు పిలుపు వచ్చినది. కూర్చుంటే నాకు తెలిసినది చెప్పుతాను, సమ్మతమైతే వస్తానని ముందుగా కబురు పంపినాను. మొదటిసారి రమ్మన్నారు, పోయినాను, చెప్పినాను. ఒక పక్షంవారు ఆ ఏడు గుడికి రావడం మానుకొన్నారు. రెండవసారి, మీకెందుకు స్వామీ శ్రమ అని వారే వేరొకరిని చూచుకొన్నారు.